ప్యాక్డ్ బెడ్ రియాక్టర్‌లో వేడి లెక్క: వన్-డీ నుంచి సీఎఫ్‌డీ దాకా ఏ మోడల్ ఎవరికి?

క్యాటలిస్ట్ గుళికలు నింపిన ట్యూబ్ గుండా గ్యాస్ పారుతూ రియాక్ట్ అయ్యేదే ప్యాక్డ్ బెడ్ రియాక్టర్. దాని కైనెటిక్స్ (రియాక్షన్ రేటు సూత్రం) దొరికింది. ట్యూబ్ కొలతలు, క్యాటలిస్ట్ సైజు, ఫీడ్ వివరాలు చేతిలో ఉన్నాయి. ఇక మోడల్ రాయడమే తరువాయి అనుకునేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. వేడిని ఎలా లెక్కలోకి తీసుకోవాలి? ట్యూబ్ పొడవునా ఒకే ఉష్ణోగ్రత గీత చాలా, లేక మధ్యకూ గోడకూ తేడా చూడాలా? గ్యాస్‌కూ గుళికకూ వేర్వేరు ఉష్ణోగ్రతలు పెట్టాలా? ఇవన్నీ వదిలేసి ఒక్కో గుళికనూ గీసి సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని కంప్యూటర్‌లో నేరుగా సాల్వ్ చేసే పద్ధతి) నడిపించాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది మోడల్ పెద్దదైతే జవాబు నిజానికి దగ్గరవుతుందనుకుంటారు. ప్యాక్డ్ బెడ్‌లో అది సగమే నిజం. వన్-డీ (పొడవు దిశ ఒక్కటే) అయినా టూ-డీ (పొడవుతో పాటు అడ్డం కూడా) అయినా చివరికి ఆధారపడేది రెండు అంకెల మీద: బెడ్‌లో వేడి అడ్డంగా ఎంత సులువుగా పాకుతుంది, గోడ దగ్గర ఎంత సులువుగా దాటుతుంది. ఆ రెండూ అంచనాలైనప్పుడు వాటి చుట్టూ ఎంత పెద్ద మోడల్ కట్టినా అంచనా అంచనాగానే ఉంటుంది. కాబట్టి మీకు కావలసిన జవాబు ఏమిటి, అది ఎన్ని డిగ్రీల తప్పును తట్టుకుంటుంది అన్నవి ముందు తేల్చుకోండి. మోడల్ సంగతి ఆ తర్వాత.

## ముందు చూసుకోవాల్సిన కొలతలు

అడయాబాటిక్ పెరుగుదల. కూలింగ్ ఏమీ లేకుండా రియాక్షన్ మొత్తం జరిగిపోతే గ్యాస్ ఎంత వేడెక్కుతుంది? ఆర్థో-జైలీన్‌ను గాలితో ఆక్సీకరించి థాలిక్ అన్‌హైడ్రైడ్ చేసే రియాక్షన్ తీసుకుందాం. మోల్‌కు సుమారు 1,200 కిలోజౌళ్లు విడుదలవుతాయి. గాలిలో జైలీన్ 1 శాతమే ఉన్నా మోల్ గ్యాస్‌కు 12 కిలోజౌళ్లు. ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి ఉష్ణధారణ మోల్‌కు డిగ్రీకి 31 జౌళ్ల దరిదాపు, అంటే పెరుగుదల దాదాపు 400 డిగ్రీలు. జైలీన్ దారి తప్పి పూర్తిగా కాలిపోతే విడుదలయ్యే వేడి దీనికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. అందుకే ఈ రియాక్షన్‌కు అంగుళం వ్యాసమున్న ట్యూబ్‌లు వేల సంఖ్యలో పెట్టి, చుట్టూ కరిగిన ఉప్పు తిప్పుతారు. మీ లెక్కలో ఈ పెరుగుదల 10 డిగ్రీల లోపే వస్తే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు.

రేటు ఎంత సున్నితం? వాయు స్థిరాంకాన్ని ఉష్ణోగ్రత వర్గంతో గుణించి యాక్టివేషన్ ఎనర్జీతో భాగించండి. 377 డిగ్రీల సెల్సియస్ దగ్గర, యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 110 కిలోజౌళ్లయితే సుమారు 32 డిగ్రీలు వస్తుంది. అంటే ఉష్ణోగ్రత 32 డిగ్రీలు పెరిగితే రేటు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. ఈ అంకెను కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి. మోడల్‌లో ఏ ఉష్ణోగ్రత తేడా ముఖ్యం, ఏది కాదు అన్నది దీనితో పోల్చే చెప్పగలం.

ట్యూబ్ వ్యాసానికీ గుళిక వ్యాసానికీ నిష్పత్తి. గోడను ఆనుకున్న చోట గుళికల మధ్య ఖాళీ దాదాపు 100 శాతం. లోపలికి పోయేకొద్దీ అది ఎగుడుదిగుడుగా తగ్గుతూ, నాలుగైదు గుళికల దూరం తర్వాత 36 నుంచి 40 శాతం దగ్గర నిలబడుతుంది. నిష్పత్తి 20 దాటితే ఈ గోడ ప్రభావాన్ని గోడ గుణకంలో (వేడి గోడను ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె) కలిపేయొచ్చు. నిష్పత్తి 5 అయితే మొత్తం బెడ్ గోడ పక్కనే ఉన్నట్టు. అక్కడ 'సగటు బెడ్' అనే మాటకే అర్థం తగ్గిపోతుంది.

ప్రశ్న ఏమిటి? ఎగ్జిట్ కన్వర్షన్ (బయటికొచ్చేసరికి రియాక్టెంట్‌లో ఎంత వంతు మారింది) కావాలా? హాట్ స్పాట్ (ట్యూబ్‌లో అన్నిటికంటే వేడి చోటు) ఉష్ణోగ్రత ఎంత ఎత్తుకు పోతుందో కావాలా? స్టార్టప్‌లో ఏం జరుగుతుందో చూడాలా? గోడ లోహం ఎంత వేడెక్కుతుందో తెలియాలా? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు వేర్వేరు మోడళ్లు సరిపోవచ్చు.

## ఒక్క చూపులో

మూడు మాటలు ముందు. సూడో-హోమోజీనియస్ అంటే గ్యాస్‌నూ గుళికలనూ ఒకే ఉష్ణోగ్రత ఉన్న ఒకే పదార్థంగా చూడడం, హెటరోజీనియస్ అంటే రెండింటినీ విడిగా చూడడం. ఫిల్మ్ అంటే గుళికను అంటిపెట్టుకున్న పలుచని గ్యాస్ పొర. పోరస్ మీడియా అంటే గుళికలను గీయకుండా బెడ్ మొత్తాన్ని రంధ్రాల పదార్థంగా తీసుకోవడం.

| మోడల్ | ఏం చూపిస్తుంది | ఏం చూపించదు | లెక్కకు పట్టే సమయం | ఎవరికి |
|---|---|---|---|---|
| వన్-డీ సూడో-హోమోజీనియస్ | పొడవునా సగటు ఉష్ణోగ్రత, కన్వర్షన్ | మధ్యకూ గోడకూ తేడా | సెకను లోపు | తొలి డిజైన్, ఆప్టిమైజేషన్, కంట్రోల్ |
| టూ-డీ సూడో-హోమోజీనియస్ | అడ్డంగా తేడా, అసలు హాట్ స్పాట్ | గ్యాస్‌కూ గుళికకూ తేడా | సెకన్లు, నిమిషాలు | కూలింగ్ ఉన్న ట్యూబ్‌లు, సెలెక్టివిటీ (కావలసిన ఉత్పత్తి వాటా) |
| వన్-డీ హెటరోజీనియస్ | ఫిల్మ్ తేడా, గుళిక లోపలి డిఫ్యూజన్ | అడ్డంగా తేడా | సెకన్లు | అడయాబాటిక్ బెడ్‌లు, వేగమైన రియాక్షన్లు |
| టూ-డీ హెటరోజీనియస్ | పై రెండూ | విడివిడి గుళికలు | నిమిషాలు, గంటలు | రిఫార్మర్‌లు, పరిశోధన |
| పోరస్ మీడియా సీఎఫ్‌డీ | వింత ఆకారాల్లో ప్రవాహం | గుళిక స్థాయి వివరాలు | గంటలు | రేడియల్ ఫ్లో, డిస్ట్రిబ్యూటర్ సమస్యలు |
| గుళికల స్థాయి సీఎఫ్‌డీ | దాదాపు అన్నీ, కానీ చిన్న ముక్కలో | మొత్తం రియాక్టర్ | రోజులు | కొత్త గుళిక ఆకారాలు, పారామితులు |

టేబుల్ చూసి 'టూ-డీ హెటరోజీనియస్‌లో అన్నీ ఉన్నాయి, అదే తీసుకుందాం' అనిపించడం సహజం. ఒక్క ట్యూబ్‌ను లెక్కకట్టి చూస్తే ఆ అభిప్రాయం మారవచ్చు.

## ఒక ట్యూబ్, మూడు తేడాలు

ఉదాహరణకు వ్యాసం 25 మిల్లీమీటర్లు, గుళికలు 3 మిల్లీమీటర్ల గోళాలు. బెడ్ అడ్డపు ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 1 వాట్ అనుకుందాం. గోడ గుణకం చదరపు మీటరుకు డిగ్రీకి 180 వాట్లు. గుళికల మీద రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ ఉధృతిని చెప్పే అంకె) 200 దరిదాపున ఉన్న గ్యాస్‌కు ఇవి అసాధారణ విలువలేమీ కావు. కూలెంట్ 337 డిగ్రీల దగ్గర ఉంది. హాట్ స్పాట్ దగ్గర బెడ్ సగటు ఉష్ణోగ్రత 377, అంటే తేడా 40 డిగ్రీలు.

వన్-డీ మోడల్‌లో బెడ్ లోపలి నిరోధాన్నీ గోడ నిరోధాన్నీ కలిపి ఒకే గుణకం చేస్తారు:

1/మొత్తం గుణకం = 1/గోడ గుణకం + ట్యూబ్ వ్యాసార్ధం/(4 × బెడ్ వాహకత)

మన అంకెలు పెడితే మొత్తం గుణకం 115 వస్తుంది. నిరోధంలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ గోడ దగ్గరే, మిగతాది బెడ్ లోపల. 40 డిగ్రీల్లో సుమారు 26 గోడ దగ్గర పడిపోతాయి, మిగిలిన 14 సగటుకూ గోడ పక్క గ్యాస్‌కూ మధ్య తేడా.

ఇప్పుడు అడ్డపు ఉష్ణోగ్రతను పారాబోలా అనుకుంటే మధ్య బిందువు సగటు కంటే మరో 14 డిగ్రీలు పైన ఉంటుంది. వన్-డీ 377 అంటోంది, ట్యూబ్ మధ్యలో ఉన్న క్యాటలిస్ట్ మాత్రం 391లో ఉంది. అక్కడ రేటు సగటు దగ్గరి రేటుకు ఒకటిన్నర రెట్లు, గోడ పక్కన 63 శాతమే. కానీ ట్యూబ్ అడ్డకోత మొత్తం మీద రేటును సగటు చేస్తే వన్-డీ చెప్పినదానికి రెండు మూడు శాతమే ఎక్కువ. ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

నన్నడిగితే ఈ ఎంపికలో అసలు కీలకం ఇదే. కన్వర్షన్ అడిగితే వన్-డీ బాగానే చెబుతుంది. క్యాటలిస్ట్ ఎంత వేడిని చూస్తోంది, సైడ్ రియాక్షన్ ఎక్కడ పుంజుకుంటోంది, సింటరింగ్ (వేడికి క్యాటలిస్ట్ కణాలు అతుక్కుపోవడం) మొదలవుతుందా అని అడిగితే 14 డిగ్రీలు తక్కువ చెబుతుంది. సైడ్ రియాక్షన్ యాక్టివేషన్ ఎనర్జీ అసలు రియాక్షన్ కంటే ఎక్కువైతే ఆ లోటు ఇంకా పెరుగుతుంది.

మరి గ్యాస్‌కూ గుళికకూ మధ్య తేడా? హాట్ స్పాట్ శిఖరం దగ్గర పుట్టిన వేడీ, గోడ గుండా పోయే వేడీ సమానం. దాని నుంచి లెక్కకడితే ఘనమీటరు బెడ్‌కు సుమారు 7.4 లక్షల వాట్లు పుడుతున్నాయి. గుళికల ఉపరితలం ఘనమీటరుకు 1,200 చదరపు మీటర్లు. ఫిల్మ్ గుణకానికి వకావో, కాగేయ్, ఫునాజ్‌క్రీ 1979లో ఇచ్చిన సూత్రం వాడదాం (నుసెల్ట్ సంఖ్య అంటే ఫిల్మ్ గుణకం × గుళిక వ్యాసం / గ్యాస్ వాహకత, ప్రాండ్ల్ సంఖ్య గ్యాస్ ధర్మాల నుంచి వచ్చేది): నుసెల్ట్ సంఖ్య = 2 + 1.1 × ప్రాండ్ల్ ఘనమూలం × రేనాల్డ్స్ ఘాతం 0.6. గుణకం 425 దగ్గర వస్తుంది. ఫిల్మ్ మీద తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు.

అడ్డంగా 14, ఫిల్మ్‌లో ఒకటిన్నర. ఫిల్మ్ తేడా వల్ల రేటు 5 శాతానికి మించి మారకూడదన్నది మియర్స్ ప్రమాణం. మన 32 డిగ్రీల లెక్కలో దానికి హద్దు 1.6 డిగ్రీలు. అంచున అయినా సరే, లోపలే ఉన్నాం. ఈ ట్యూబ్‌కు టూ-డీ అవసరం కావచ్చు, వేడి దృష్ట్యా హెటరోజీనియస్ అవసరం లేదు. కూలింగ్ ఉన్న గ్యాస్ రియాక్టర్లలో సాధారణంగా తేడాల వరస ఇదే: అడ్డంగా ఎక్కువ, ఫిల్మ్‌లో తక్కువ, గుళిక లోపల మరీ తక్కువ. మీ అంకెలతో ఈ లెక్క చేయడానికి పావుగంట చాలు. అది చేయకుండా మోడల్ ఎంచుకోవద్దు.

## వన్-డీ సూడో-హోమోజీనియస్

దీన్ని పాతదని తీసిపారేయకండి. ఆప్టిమైజేషన్‌లో రియాక్టర్‌ను వేలసార్లు సాల్వ్ చేయాలి, కంట్రోల్‌లో క్షణాల్లో జవాబు కావాలి. అక్కడ దీనికి సాటి లేదు. వేల ట్యూబ్‌ల షెల్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చోటుచోటుకూ మారుతుంటే, ఒక్క ట్యూబ్‌కు గొప్ప టూ-డీ మోడల్ కంటే గుంపులు గుంపులుగా విడదీసిన వన్-డీ ట్యూబ్‌లే ఎక్కువ నిజం చెబుతాయి.

జాగ్రత్త పడాల్సింది సూత్రంలోని ఆ 4 దగ్గర. అది పారాబోలా ఊహ నుంచి వచ్చింది. క్రైడర్, ఫాస్ 1965లో 3.066 అన్నారు. డిక్సన్ 1996లో బయో సంఖ్యను (గోడ గుణకం × ట్యూబ్ వ్యాసార్ధం / బెడ్ వాహకత) బట్టి మారే రూపం ఇచ్చారు. మన ట్యూబ్‌కు 3.066తో మొత్తం గుణకం 104, డిక్సన్ రూపంతో 110, 4తో 115. పది శాతం తేడా. నేనైతే డిక్సన్ రూపమే వాడతాను. దానికయ్యే అదనపు శ్రమ ఒక్క లైను కోడ్.

రన్‌అవే (వేడి అదుపు తప్పి పెరిగిపోవడం) ప్రశ్నకూ వన్-డీ తొలి జల్లెడగా పనికొస్తుంది. వాన్ వెల్సనేర్, ఫ్రోమెంట్ 1970లో ఇచ్చిన ప్రమాణం దీని మీద కట్టినదే. కానీ జల్లెడలో నిలిచినంత మాత్రాన నిశ్చింత కాదు. మన ట్యూబ్‌లో హాట్ స్పాట్‌కూ కూలెంట్‌కూ తేడా 40, సున్నితత్వ అంకె 32. తేడా ఈ సున్నితత్వ అంకెను మించకూడదనే సెమెనోవ్ సరళ లెక్క ప్రకారం ఇది ఇప్పటికే గీత అవతల. రియాక్టెంట్ ఖర్చవుతుండడం వల్లే నిలబడుతోంది. ఇలాంటి చోట వన్-డీ వదిలేసిన రెండు మూడు శాతం రేటే గోరంత నుంచి కొండంత అవుతుంది.

## టూ-డీ సూడో-హోమోజీనియస్

కూలింగ్ ఉన్న ట్యూబ్‌కు సెలెక్టివిటీ, క్యాటలిస్ట్ ఆయుష్షు ముఖ్యమైతే నా మొదటి ఓటు దీనికే. అదనంగా కావలసింది ఒక్క అడ్డపు దిశ. ఆర్థోగొనల్ కొలొకేషన్ (ఎంచుకున్న కొన్ని పాయింట్ల దగ్గరే సమీకరణాన్ని సాల్వ్ చేసే పద్ధతి) వాడితే నునుపైన ప్రొఫైల్‌కు నాలుగైదు పాయింట్లు సరిపోతాయి. హాట్ స్పాట్ కొనదేలితే పాయింట్లు పెంచి జవాబు కదలడం ఆగిందో లేదో చూడాలి. ఉష్ణోగ్రతతో పాటు గాఢతకూ అడ్డపు డిస్పర్షన్ (ప్రవాహం కలగలిసి పక్కలకు పరుచుకోవడం) పెట్టడం మరవకండి. ఒకదానికి పెట్టి మరోదానికి పెట్టకపోతే, మధ్యలో రియాక్టెంట్ అయిపోయి హాట్ స్పాట్ తక్కువగా కనిపిస్తుంది.

పొడవు దిశలో డిస్పర్షన్ మాత్రం చాలాసార్లు వదిలేయొచ్చు. బెడ్ పొడవు 50 నుంచి 100 గుళికలకు మించితే పెద్దగా తేడా రాదు. మీటర్ల పొడవున్న ట్యూబ్‌లో అది సమస్యే కాదు. 3 సెంటీమీటర్ల ల్యాబ్ బెడ్‌లో అవుతుంది.

దీని బలహీనత గోడ దగ్గర బయటపడుతుంది. మామూలు టూ-డీలో గోడ దగ్గర ఉష్ణోగ్రత హఠాత్తుగా దూకుతుంది, ఆ దూకుడంతా గోడ గుణకం ఖాతాలో పడుతుంది. నిజంలో ఆ మార్పు సగం గుళిక మందంలో క్రమంగా జరుగుతుంది. వింటర్‌బర్గ్, సొట్సాస్, వారి సహచరులు 2000లో గోడ గుణకాన్నే తీసేశారు. దాని బదులు గోడ దగ్గరికి వచ్చేకొద్దీ తగ్గే వాహకతను పెట్టి, వేగం కూడా గోడ దగ్గర మారేలా రాశారు. నిష్పత్తి 10 లోపు ఉన్నప్పుడు ఈ దారి చూడదగ్గది. కోడ్ కొంచెం బరువెక్కుతుంది, గోడ దగ్గర మెష్ (లెక్క కోసం వేసే గడులు) సన్నగా వేసుకోవాలి.

## హెటరోజీనియస్ ఎప్పుడు?

పేరు బరువుగా ఉన్నా సంగతి సులువే: గ్యాస్‌కు ఒక సమీకరణం, గుళికకు ఒకటి. రెండు పరిస్థితుల్లో దీన్ని తప్పించుకోలేం.

మొదటిది, గుళిక లోపల డిఫ్యూజన్ రేటును పట్టి ఉంచినప్పుడు. ఇది వేడి సమస్యగా కనిపించదు, కానీ వేడి ఎక్కడ పుడుతుందో నిర్ణయించేది ఇదే. మీథేన్ స్టీమ్ రిఫార్మింగ్‌లో (మీథేన్, ఆవిరి నుంచి హైడ్రోజన్ చేయడం) ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ (గుళిక ఇచ్చే రేటుకూ డిఫ్యూజన్ అడ్డు లేకుంటే వచ్చే రేటుకూ నిష్పత్తి) 0.1 కంటే తక్కువే ఉండడం మామూలు. గుళిక పైపొర మాత్రమే పనిచేస్తోందన్నమాట. అలాంటి చోట సూడో-హోమోజీనియస్‌లో అసలు కైనెటిక్స్ పెడితే రేటు పది రెట్లు ఎక్కువ వస్తుంది.

రెండోది, డైనమిక్స్. బెడ్ ఉష్ణధారణ దాదాపు మొత్తం గుళికల్లోనే ఉంటుంది. వాతావరణ పీడనం దగ్గర ఉష్ణ తరంగం గ్యాస్ కంటే వెయ్యి రెట్లకు పైగా నెమ్మదిగా కదులుతుంది. ఇక్కడ ఒక వింత జరుగుతుంది. ఫీడ్ ఉష్ణోగ్రతను హఠాత్తుగా తగ్గిస్తే హాట్ స్పాట్ కాసేపు పెరుగుతుంది! చల్లని గ్యాస్ ముందు భాగంలో రియాక్ట్ అవకుండా దాటిపోయి, ఇంకా వేడిగానే ఉన్న వెనక భాగంలో ఒక్కసారిగా రియాక్ట్ అవుతుంది. దీన్ని రాంగ్-వే ప్రవర్తన అంటారు. గుళికల ఉష్ణధారణను సమీకరణంలో పెట్టిన సూడో-హోమోజీనియస్ మోడల్ కూడా దీన్ని పట్టుకుంటుంది. స్టెడీ స్టేట్ మోడల్ ఎంత గొప్పదైనా పట్టుకోలేదు. స్టార్టప్, షట్‌డౌన్ ప్రొసీజర్ రాసేవాళ్లు మోడల్‌లో ముందు చేర్చాల్సింది కాలం.

అమ్మోనియా తయారీ, సల్ఫర్ డయాక్సైడ్ ఆక్సీకరణ లాంటి అడయాబాటిక్ బెడ్‌లకు వన్-డీ హెటరోజీనియస్ హాయిగా సరిపోతుంది. గోడ నుంచి వేడి పోనప్పుడు అడ్డంగా తేడా పుట్టదు, వేడిని తీసేది బెడ్‌ల మధ్యే.

రిఫార్మర్ సంగతి వేరు. అక్కడ వేడి బయటి నుంచి లోపలికి వస్తుంది, గోడ దాదాపు 900 డిగ్రీల దగ్గర ఉంటుంది, గుళికల మధ్య రేడియేషన్‌ను కూడా వాహకతలో కలపాలి. గోడ 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ట్యూబ్ ఆయుష్షు సగమవుతుందని అక్కడ సాధారణంగా చెప్పే లెక్క. కాబట్టి లోపలి గోడ గుణకంలో తప్పు నేరుగా ట్యూబ్ మార్పిడి ఖర్చుగా మారుతుంది. టూ-డీ హెటరోజీనియస్‌కు తన శ్రమకు తగ్గ ఫలం దొరికేది ఇలాంటి చోటే.

## సీఎఫ్‌డీ, రెండు రకాలు

పోరస్ మీడియా సీఎఫ్‌డీ ప్రవాహం సరళంగా లేనిచోట వెలుగుతుంది: రేడియల్ ఫ్లో రియాక్టర్ (గ్యాస్ బెడ్‌లో అడ్డంగా పారేది), వంకర ఇన్‌లెట్, బెడ్ లోపల కూలింగ్ ప్లేట్‌లు. నిలువు ట్యూబ్‌కు వాడితే రంగురంగుల బొమ్మ తప్ప టూ-డీ కంటే అదనంగా దొరికేది తక్కువ. ఒక ఉచ్చు మాత్రం ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లలో డిఫాల్ట్‌గా బెడ్ వాహకతను గ్యాస్, ఘన వాహకతల సగటుగా తీసుకుంటారు. గుళిక వాహకత గ్యాస్ కంటే 20 రెట్లుంటే, ఆ సగటు నిశ్చల బెడ్ అసలు వాహకతకు రెండు రెట్లకు పైగా వస్తుంది. గుళికలు బిందువుల దగ్గరే తాకుతాయి కాబట్టి అసలు విలువ అంత ఉండదు. ప్రవాహం వల్ల వచ్చే డిస్పర్షన్ మాత్రం అందులో అసలే ఉండదు. రెండు తప్పులు ఎదురెదురు దిశల్లో ఉండి జవాబు సరిగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ డిఫాల్ట్ తీసేసి మీ సొంత విలువ పెట్టండి.

గుళికల స్థాయి సీఎఫ్‌డీ అంటే ప్రతి గుళికనూ గీసి, చుట్టూ ప్రవాహాన్ని నేరుగా సాల్వ్ చేయడం. గోడ గుణకం, బెడ్ వాహకత అనే ఊహలే అక్కర్లేదు, అవే జవాబులుగా బయటికొస్తాయి. మన 25 మిల్లీమీటర్ల ట్యూబ్ పొడవు 3 మీటర్లయితే లోపల దాదాపు 60 వేల గుళికలు పడతాయి. గుళికకు 10 వేల సెల్స్ చొప్పున వేసుకున్నా 60 కోట్లు. మొత్తం ట్యూబ్‌కు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కొన్ని వందల గుళికల ముక్కకు మాత్రం మంచి సాధనం.

దాని సొంత తలనొప్పి, గుళికలు తాకే బిందువులు. అక్కడ మెష్ పడదు. సులువైన దారి ప్రతి గుళిక వ్యాసాన్నీ 1 శాతం కుదించడం. చిన్న మార్పులా ఉంది కదా? ఘనపరిమాణం 3 శాతం తగ్గి, 40 శాతం ఖాళీ దాదాపు 42 అవుతుంది. ఎర్గన్ సమీకరణం ప్రకారం ప్రెషర్ డ్రాప్ దాదాపు 15 శాతం పడిపోతుంది. గుళిక నుంచి గుళికకు నేరుగా పోయే వేడి కూడా తెగిపోతుంది. అందుకే తాకే చోట చిన్న వంతెన పెట్టి, దానికి విడిగా వాహకత ఇచ్చే పద్ధతి మేలు.

న్యూరల్ నెట్‌వర్క్ సరొగేట్ మోడళ్ల గురించి ఒక్క మాట. మంచి మోడల్ ఉంటే దాన్ని వేగవంతం చేయడానికి బాగుంటాయి. హాట్ స్పాట్ ట్రైనింగ్ డేటా పరిధి దాటిన క్షణం నుంచి వాటిని నమ్మకండి. రియాక్టర్‌లో టెన్షన్ మొదలయ్యేదీ అక్కడే.

## పారామితులు

ఏ మోడల్ తీసుకున్నా ఈ భాగం తప్పదు. నిశ్చల బెడ్ (గ్యాస్ పారని బెడ్) వాహకతకు జేనర్-ష్లుండర్ పద్ధతి మంచి ఆరంభం, వేడి ఎక్కువైతే రేడియేషన్ చేర్చిన రూపం వాడాలి. దానికి ప్రవాహ భాగం కలపాలి: గోళాలకు రేనాల్డ్స్, ప్రాండ్ల్ సంఖ్యల లబ్ధాన్ని సుమారు 10తో భాగించి గ్యాస్ వాహకతతో గుణించండి. ఇంతవరకు ఫరవాలేదు.

గోడ గుణకమే అందరినీ ఏడిపించేది. ఒకే పరిస్థితికి వేర్వేరు కోరిలేషన్లు (ప్రయోగాల నుంచి కట్టిన సూత్రాలు) చాలా దూరదూరపు విలువలిస్తాయి. మన ట్యూబ్‌లో 180ని 30 శాతం అటూ ఇటూ కదిపితే మొత్తం గుణకం 90 నుంచి 135 దాకా పోతుంది. ఇందాకటి 4, 3.066 గొడవ దీని ముందు ఏపాటి?

రెండు సూచనలు. బెడ్ వాహకతనూ గోడ గుణకాన్నీ ఒకే మూలం నుంచి తీసుకోండి. ప్రయోగాల్లో ఆ రెండింటినీ కలిపే ఫిట్ చేస్తారు, ఒకటి పెరిగితే మరొకటి తగ్గి సర్దుకుంటుంది. జంటను విడదీస్తే ఆ సర్దుబాటు పోతుంది. రెండోది, కోరిలేషన్ ఇచ్చేది గోడ గుణకమా, మొత్తం గుణకమా అని చూడండి. 1940లలో లేవా ఇచ్చినవి మొత్తం గుణకాలు. వాటిని గోడ గుణకంగా టూ-డీలో పెడితే బెడ్ నిరోధాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే. రింగులు, ట్రైలోబ్‌లు వాడేవాళ్లు గోళాల కోరిలేషన్లను గుడ్డిగా తీసుకోకూడదు. గుళికల స్థాయి సీఎఫ్‌డీతో చిన్న ముక్క నడిపి ఆ రెండు అంకెలు రాబట్టి, వాటిని టూ-డీలో పెట్టడం ఇప్పుడు నాకు నచ్చే కలయిక.

## మీరు ఎవరు?

ప్రాజెక్ట్ చేసే విద్యార్థి అయితే వన్-డీతో మొదలుపెట్టి, అదే ట్యూబ్‌కు టూ-డీ రాసి, రెండింటి తేడాను 32 డిగ్రీల లాంటి మీ సొంత సున్నితత్వ అంకెతో పోల్చండి. రిపోర్టులో సీఎఫ్‌డీ బొమ్మ కంటే ఆ పోలికే ఎక్కువ చెబుతుంది.

ప్లాంట్‌లో ఉన్నవాళ్లకు వన్-డీ చాలాసార్లు చాలు, కానీ ప్లాంట్ డేటాతో మొత్తం గుణకాన్ని సరిచేసుకోవాలి. క్యాటలిస్ట్ మారినప్పుడు ఆ సవరణ పనికిరాదు, మళ్లీ చేయాలి. సేఫ్టీ స్టడీ అయితే టూ-డీ, దానికి కాలం జోడించి, గోడ గుణకాన్ని తక్కువ అంచున పెట్టి నడపండి.

క్యాటలిస్ట్ ల్యాబ్‌లో కైనెటిక్స్ కొలిచేవాళ్లకు అసలు లక్ష్యం మోడల్ అవసరం రాకుండా చూసుకోవడం. బెడ్‌ను జడ పదార్థంతో పలచన చేయండి, ట్యూబ్ సన్నబెట్టండి, మియర్స్ ప్రమాణాలు సరిచూడండి. అడ్డపు ప్రమాణమే ముందు తప్పుతుందని గుర్తుంచుకోండి.

రాళ్ల బెడ్‌లో వేడి దాచే పనిలో ఉన్నవాళ్లకు రియాక్షన్ లేదు కాబట్టి పని తేలిక. 1929 నాటి షూమన్ రెండు దశల మోడల్ ఇప్పటికీ మంచి ఆరంభం. గుళికలు పెద్దవైతే లోపలి వాహకత నిరోధాన్ని కలుపుకోండి.

ఎవరైనా సరే, మోడల్‌ను కొలతలతో పోల్చే ముందు థర్మోవెల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగను ఉంచే లోహపు గొట్టం) సంగతి చూడండి. 25 మిల్లీమీటర్ల ట్యూబ్ మధ్యలో 6 మిల్లీమీటర్ల థర్మోవెల్ పెడితే గుళికలు సర్దుకునే తీరే మారుతుంది. ట్యూబ్ కాస్తా వలయమవుతుంది, ఖాళీ పెరుగుతుంది, లోహం పొడవునా వేడిని లాగి హాట్ స్పాట్ కొనను చదును చేస్తుంది. అలా కొలిచిన ట్యూబ్ పక్కనున్న మామూలు ట్యూబ్‌లా ప్రవర్తించదు. మోడల్‌ను ముందు థర్మోవెల్ ఉన్న వలయానికే రాసి, కొలతకు ఫిట్ చేయండి. ఆ పారామితులతో తర్వాత థర్మోవెల్ లేని ట్యూబ్‌ను నడిపి అసలు హాట్ స్పాట్ చూసుకోండి.